గాజుపెట్టెలో మరుగుజ్జు ఊసరవెల్లులు

“తొండ ముదిరి ఊసరవెల్లి అయింది” అని మన పెద్దలు అనటం మీరు వినే ఉంటారు. ఆ సామెత మనుషుల్ని చూసి పుట్టిందేగాని, జంతువుల్ని చూసి పుట్టింది కాదు. తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చిననాడే ఊసరవెల్లి. ఈ రెండూ వేరువేరు కుటుంబాలకు చెందిన జీవాలు. మన దేశంలో ఊసరవెల్లి జాతి ఒక్కటే ఉన్నది. బాగా పెరిగినదాన్ని తోకతోసహా కొలిస్తే అడుగు దాటుతుంది.

కాని పిల్లలూ, మీ చూపుడువేలి మీద హాయిగా కూర్చోగల ఊసరవెల్లులు కూడా ఈ లోకంలో ఉన్నవి. వాటిని మరుగుజ్జు ఊసరవెల్లులంటారు. వాటిలోకెల్లా చిన్నది మడగాస్కర్ ద్వీపంలో ఉన్నది. దానిపేరు బ్రూకీసియా నానా. 2021లో శాస్త్రజ్ఞులు దాన్ని వర్ణిస్తూ, మగదాన్ని తోకతోసహా కొలిస్తే 21.6 మిల్లీమీటర్లు వచ్చిందని రాశారు. అంటే అంగుళం కూడా లేదన్నమాట!

ఇలాంటి జీవాలను ఐరోపాలోనూ అమెరికాలోనూ కొందరు గాజుపెట్టెల్లో పెంచుతున్నారు. అది ఎలా చేస్తారో, అందులో కష్టం ఎక్కడ ఉన్నదో ఇప్పుడు చెప్పుకుందాం. పెంచేవారి దగ్గర ఎక్కువగా కనిపించే జాతి ఆఫ్రికాలోని టాంజానియా దేశానిది. 1892లో పాల్ మాట్షీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించాడు. రీపెలియాన్ బ్రెవికౌడేటస్ అని ఇప్పటి పేరు. బ్రెవికౌడేటస్ అంటే లాటిన్ భాషలో పొట్టి తోక గలది అని అర్థం.

ఎండుటాకు వేషం

ఈ పొట్టితోక ఊసరవెల్లి సుమారు 8 సెంటీమీటర్లు ఉంటుంది. బరువు కొద్ది గ్రాములే. దవడ కింద చిన్న పొలుసులు కుచ్చులాగా వేలాడుతూ ఉంటవి. దాన్ని చూస్తే ముసలితాత గడ్డం జ్ఞాపకం వస్తుంది. పెద్ద ఊసరవెల్లులలాగా ఇది కొట్టవచ్చే రంగులు అంతగా మారదు. దానికి ఆ అవసరం లేదు. అది ఉండేది చెట్టుకొమ్మల్లో కాదు, చెట్లకింద రాలిన ఆకుల మధ్య. అందుచేత ఒళ్ళంతా ఎండుటాకు రంగు. కావలసినప్పుడు ఒంటిమీద సన్నటి చారలు కనబరుస్తుంది. అవి అచ్చంగా ఆకు ఈనెలలాగే ఉంటవి.

పెద్ద ఊసరవెల్లి తోకను కొమ్మకు చుట్టుకుని వేలాడగలదు. ఈ పొట్టితోకకు అంత బలం లేదు. పడిపోకుండా కొమ్మకు ఆనించుకోవటానికి పనికివస్తుంది, అంతే.

మరి శత్రువు వస్తే ఏంచేస్తుంది? ఒక్కొక్కప్పుడు ఉన్నచోటునుంచి కింద పడిపోయి, చచ్చిన ఆకులాగా పక్కకు ఒరిగి ఉంటుంది. ఎవరైనా చేతిలోకి తీసుకుంటే ఒళ్ళంతా సన్నగా అదురుతుంది. ఆ అదురు మన వేళ్ళకు బాగా తెలుస్తుంది. తెలియనివాళ్ళు, “అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నది!” అంటారు. అది ముద్దు కాదు, భయం. నన్ను వదిలిపెట్టమని ఆ జీవం చేసే ప్రయత్నం. అందుకే తెలిసినవాళ్ళు ఈ ఊసరవెల్లుల్ని చేతిలోకి తీసుకోరు. పెట్టె శుభ్రం చేసేటప్పుడో, జబ్బు చేసినప్పుడో తప్పనిసరి అయితేనే తాకుతారు.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుసుకోవచ్చు. కుక్కపిల్లకు మనం కావాలి. చిలుకకు కూడా మాలిమి ఉంటుంది. ఈ ఊసరవెల్లికి మాత్రం మనతో పని లేదు. దానికి కావలసింది అడవి. పెంచేవాడు తన ఇంట్లో ఆ అడవిలో ఒక ముక్కను తయారుచెయ్యగలగాలి. చెయ్యలేనివాడు దాని జోలికి పోకపోవటమే మంచిది.

పెట్టెలో ఒక అడవిముక్క

టాంజానియాలో ఉసంబరా కొండలు, ఉలుగురు కొండలు ఉన్నవి. హిందూ మహాసముద్రం మీదినుంచి వచ్చే తేమగాలి ఆ కొండలకు తగిలి వాన కురుస్తుంది. అందువల్ల అక్కడి అడవులు దట్టంగా, చల్లగా ఉంటవి. నేలమీద ఎండ సూటిగా పడదు. పొట్టితోక ఊసరవెల్లులు ఆ కొండల్లోనూ, సముద్రతీరపు అడవుల్లోనూ నివసిస్తవి. గాజుపెట్టెలో తయారు కావలసింది ఈ నీడ, ఈ తేమ, ఈ చల్లదనమే.

మూడు నాలుగు ఊసరవెల్లులకు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల పెట్టె చాలు. పెద్ద ఊసరవెల్లులు పైకి ఎగబాకుతవి కనుక వాటికి ఎత్తయిన పంజరం కావాలి. ఇవి నేలమీద తిరిగేవి కనుక వీటికి ఎత్తుకంటె నేల ముఖ్యం. పెట్టెకు పైన మూతగా సన్నటి లోహపు వల ఉండాలి. ముందువైపు కిందిభాగంలో కూడా గాలి వచ్చే సందు ఉంటే మరీ మంచిది. కింది సందులోనుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పైన వలలోనుంచి వేడిగాలి పోతుంది. గాలి ఆడకపోతే బూజు పడుతుంది. ఆ బూజుగాలి పీల్చి ఊసరవెల్లుల ఊపిరితిత్తులు చెడిపోతవి.

అడుగున గులకరాళ్ళు పరుస్తారు. ఎక్కువైన నీరు వాటిలోకి దిగిపోతుంది. దానిమీద సన్నని వలగుడ్డ, ఆపైన 10 సెంటీమీటర్ల మందాన మట్టి. అది ఇసుకా, ఆకు ఎరువూ కలిసిన మట్టి. పురుగుమందు తగిలిన మట్టి పనికిరాదు. అన్నిటికీ పైన ఎండుటాకులు ధారాళంగా చల్లుతారు. ఆ తరవాత చిన్న ఫెర్నులు, మనీప్లాంటు తీగ నాటుతారు. అక్కడక్కడా పెన్సిలు కంటె సన్నటి పుల్లలు వాలుగా, అడ్డంగా గుచ్చుతారు. ఊసరవెల్లి కాలివేళ్ళు రెండు ఒకవైపు, మూడు ఇంకొకవైపు అతుక్కుని పటకారులాగా ఉంటవి. అంత చిన్న పటకారుకు సన్నటి పుల్లే పట్టు చిక్కుతుంది. రాత్రి అయ్యేసరికి ఇవి నేల వదిలి ఆ పుల్లలు ఎక్కి నిద్రపోతవి. నేలమీద రాత్రిళ్ళు తిరిగే శత్రువులనుంచి తప్పించుకోవటానికి అడవిలో నేర్చిన అలవాటు ఇది.

పెట్టె సిద్ధం చేసిన వెంటనే ఊసరవెల్లుల్ని తెచ్చి అందులో పెట్టకూడదు. కనీసం నెలరోజులు దాన్ని అలాగే ఉంచాలి. ఆలోగా మొక్కలు వేళ్ళు తంతవి. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే తెల్లటి నలుసులంత జీవులను వదిలితే అవి పిల్లలు పెట్టి పెరుగుతవి. అవి బూజునూ, మలాన్నీ తిని పెట్టెను శుభ్రంగా ఉంచుతవి. ఊసరవెల్లులు వాటిలో కొన్నిటిని తింటవి. అడవిలో జరిగేది కూడా ఇదే.

ఎండ, చలి, నీరు

ఈ జీవాలకు పగలు 21 నుంచి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలు. రాత్రి 18 డిగ్రీలకు దిగినా బాధ లేదు, పైగా మంచిదే. 28 దాటితే ప్రమాదం. ఒళ్ళు ఎంత చిన్నదైతే అంత త్వరగా వేడెక్కుతుంది, అంత త్వరగా అందులోని నీరు ఆరిపోతుంది. పెద్ద గంగాళంలో నీళ్ళు కాగటానికి చాలాసేపు పడుతుంది, గరిటెడు నీళ్ళు ఇట్టే మరుగుతవి, అవునా? ఇదీ అలాంటిదే. బెజవాడలో ఎండలు 40 డిగ్రీలు దాటినరోజున కరెంటు పోయి గది కాస్సేపు వేడెక్కితే చాలు, ఈ జీవాలు బతకవు. కనుక వీటిని పెంచేవారు పెట్టెలో వేడిబల్బు పెట్టరు. మొక్కలకు సరిపోయే గొట్టపుదీపం ఒకటి రోజుకు 12 గంటలు వెలిగిస్తారు. అందులో అతినీలలోహిత కిరణాలు కొద్దిగా ఉండేటట్టు చూస్తారు. ఎముకలు గట్టిపడటానికి కావలసిన డి విటమిను ఆ కిరణాల సాయంతో ఒంట్లో తయారవుతుంది. లోపల థర్మామీటరు ఒకటీ, గాలిలోని తేమను కొలిచే హైగ్రోమీటరు ఒకటీ ఉంటవి. చేత్తో తాకి చూసి చల్లగానే ఉన్నదనుకోవటం చాలదు.

గిన్నెలో నీళ్ళు పెడితే ఊసరవెల్లి దాహంతో చచ్చిపోతుందిగాని ఆ నీళ్ళు తాగదు. కదలని నీరు నీరని దానికి తెలియదు. దాని తాతముత్తాతలంతా ఆకుల మీద మెరిసే చుక్కలనే తాగారు. అందుచేత ఉదయం ఒకసారీ, సాయంత్రం ఒకసారీ చిమ్ముడుసీసాతో మొక్కలమీద నీరు చల్లుతారు. అప్పుడు ఊసరవెల్లి మెల్లిగా వచ్చి, ఆకు కొసనున్న బొట్టును నాలుకతో నాకుతుంది. మళ్ళీ చల్లేవేళకు పైఆకులు ఆరిపోవాలి. రోజంతా తడిసి ముద్దయి ఉంటే చర్మానికి జబ్బులు వస్తవి.

నీరు చాలిందో లేదో ఎలా తెలుస్తుంది? కళ్ళు చూడాలి. బాగున్న ఊసరవెల్లి కళ్ళు గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటవి. నీరు చాలకపోతే కళ్ళు గుంటలు పడతవి. మలంతోపాటు వచ్చే తెల్లటి పదార్థం పసుపుగానో నారింజరంగుగానో మారితే అది కూడా దాహానికి గుర్తే. పట్టపగలు కళ్ళు మూసుకుని కూర్చున్నదంటే దానికి జబ్బు చేసినట్టే. ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుడికి చూపించాలి.

నాలుక, తిండి

ఊసరవెల్లి నాలుక విల్లులాగా పనిచేస్తుంది. విల్లును ముందు లాగి బిగించి, తరవాత వదిలితే బాణం దూసుకుపోతుంది. అలాగే నాలుకలోని కండరం కొన్ని పొరలను బిగించి ఉంచుతుంది. వదిలేసరికి నాలుక దూసుకుపోతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు చాలా జాతుల ఊసరవెల్లుల్ని వేగంగా తీసే కెమేరాతో చిత్రించి, 2016లో ఫలితాలు ప్రచురించాడు. గెలిచింది పెద్దది కాదు! ఉసంబరా కొండల్లోనే ఉండే రాంఫోలియాన్ స్పైనోసస్ అనే చిన్న ఊసరవెల్లి గెలిచింది. భూమి ఒక వస్తువును లాగే వేగవృద్ధికి 264 రెట్లు వేగవృద్ధితో దాని నాలుక బయలుదేరింది. ఒంటి పొడవుకు రెండున్నర రెట్లు చాపింది.

చిన్నదానికి అంత గొప్ప నాలుక ఎందుకు? చిన్న జంతువులకు ఒంటిబరువునుబట్టి చూస్తే తిండి జాస్తిగా కావాలి. ఒక్క పురుగును కూడా గురితప్పి పోనివ్వకూడదు. అందుకే దాని ఒంటికి దాని నాలుక మరీ పెద్దది. దీన్నిబట్టే పెంచేవాడికి ఒక నియమం ఏర్పడింది. వీటికి దాదాపు రోజూ తిండి పెట్టాలి. పాములాగా వారానికి ఒకసారి చాలదు.

అయితే దాని నోరు ఎంత! నోటి వెడల్పుకు మించిన పురుగును వెయ్యకూడదు. అప్పుడే గుడ్డు పగిలిన కీచురాళ్ళు, పండ్లమీద మూగే చిన్న ఈగలు దానికి సరిపోతవి. ఈగలు ఎగిరిపోవా అంటారా? రెక్కలు పనిచెయ్యని ఈగలు ఉన్నవి! 1910 ప్రాంతాల న్యూయార్కు నగరంలో థామస్ హంట్ మోర్గాన్ అనే శాస్త్రజ్ఞుడు, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తవో తెలుసుకోవటానికి ఈ ఈగలను సీసాల్లో పెంచాడు. ఆ ఈగల్లో కుచించుకుపోయిన రెక్కలతో కొన్ని పుట్టినవి. ఆ పరిశోధనలకు 1933లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎగరలేని రకాలను ఇప్పుడు ఊసరవెల్లుల తిండికోసం కూడా పెంచుతున్నారు.

ఈగలను వదిలేముందు వాటిమీద కాస్త కాల్షియం పొడి అద్దుతారు. అది లేకపోతే ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంగిపోతవి. పొట్టనిండా తిన్నా ఈ జబ్బు రావచ్చు. తిండి ఎంత అన్నది ఒకటి, తిండిలో ఏమున్నది అన్నది ఇంకొకటి.

గుంపులో ఎన్ని?

ఒక పెట్టెలో ఒక మగది, రెండు మూడు ఆడవి ఉండవచ్చు. రెండు మగవి ఉంటే పోట్లాట తప్పదు. మగది సన్నగా ఉండి, తోక కాస్త పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది. ఆడది గుండ్రంగా ఉండి, తోక మరీ పొట్టిగా ఉంటుంది.

గుంపును పెంచటంలో ఒక మోసం ఉన్నది. ఈగలు అయిపోయినవి కదా, అందరూ తిన్నారనుకుంటాం. కాని చురుకైనది రెండు వంతులు తిని, పిరికిది ఒక మూలన పస్తు ఉండవచ్చు. ఎండుటాకుల మధ్య ఎండుటాకు చిక్కిపోవటం ఎవరికి తెలుస్తుంది? అందుచేత పెంచేవాళ్ళు రాత్రి దీపం ఆర్పాక చిన్న టార్చి వేసి లెక్కపెడతారు. పగలు గంటసేపు వెతికినా కనిపించనివి రాత్రి పుల్లల కొసల మీద నిద్రపోతూ ఇట్టే కనిపిస్తవి. ఏది చిక్కిందో, దేని పొట్ట ఉబ్బిందో అప్పుడు తెలుస్తుంది. చిక్కినదాన్ని వేరే పెట్టెలో పెట్టి విడిగా తిండి పెడతారు. మగది వదలకుండా వెంటబడే ఆడదాన్ని కూడా వేరు చెయ్యాలి.

పొట్ట ఉబ్బిన ఆడది ఒకనాడు మట్టి తవ్వటం మొదలుపెడుతుంది. అందులో కొద్దిపాటి గుడ్లు, సాధారణంగా పదిలోపే, పెట్టి మట్టి కప్పి వెళ్ళిపోతుంది. ఆ 10 సెంటీమీటర్ల మట్టి ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా? మట్టి లోతు లేకపోతే గుడ్లు పెట్టలేక లోపలే ఉంచుకుని తల్లి చచ్చిపోవచ్చు. గుడ్లను తీసి వేరే ఉంచేవారు వాటిని పక్కకు దొర్లనివ్వరు. కోడిగుడ్డును కోడి తిప్పుతూ ఉంటుంది. ఊసరవెల్లి గుడ్డులో పిండం పెంకు లోపలివైపు అంటుకుని ఉంటుంది. తిప్పితే ఊడి చచ్చిపోతుంది. కొన్ని నెలలకు పిల్లలు వస్తవి. అవి చీమంత జీవులను తప్ప మరేమీ తినలేవు. వాటికి తల్లి పాఠాలు చెప్పదు. మొదటిరోజునుంచీ వాటికవే వేటాడతవి.

అవి ఎక్కడనుంచి వచ్చినవి?

అన్నిటికంటె పెద్ద ప్రశ్న ఇది. అమ్మకానికి వచ్చిన ఊసరవెల్లుల్లో చాలా భాగం అడవిలో పట్టినవే. పట్టినప్పటినుంచి అమ్మేదాకా తిండీ నీరూ సరిగా లేక, పొట్టలో పురుగులతో, సగం చచ్చి చేరేవి. అడవిలో ఎన్ని ఉన్నవో ఎవరూ లెక్కపెట్టలేదు. పట్టుకుపోవటం మాత్రం సాగింది. 2016లో టాంజానియా ప్రభుత్వం అడవి జంతువుల్ని ప్రాణంతో ఎగుమతి చెయ్యటం ఆపివేసింది. ఆ ఏడే జొహానెస్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం, ఆఫ్రికా ఖండపు మరుగుజ్జు ఊసరవెల్లుల వ్యాపారానికి ప్రభుత్వపు అనుమతిపత్రాలు ఉండాలని నిర్ణయించింది. పెట్టెల్లో పుట్టి పెరిగిన పిల్లల్నే తీసుకోవాలని మంచి పెంపకందార్లు పట్టుబడతారు.

పట్టేవారికంటె పెద్ద శత్రువు గొడ్డలి. మలావి దేశపు కొండల్లో చాప్‌మన్ మరుగుజ్జు ఊసరవెల్లి అని ఒకటి ఉన్నది. 1992లో దాన్ని శాస్త్రజ్ఞులు వర్ణించారు. 1980ల తరవాత అక్కడి అడవిలో దాదాపు 80 శాతం పొలాలకోసం నరికివేశారు. ఆ జాతి అంతరించిపోయిందేమోనని భయపడ్డారు. 2016లో క్రిస్టల్ టోలీ అనే శాస్త్రజ్ఞురాలు తన బృందంతో వెళ్ళి రాత్రిపూట టార్చిలైట్లతో వెతికితే, మిగిలిన అడవిముక్కల్లో ఆ ఊసరవెల్లులు కనిపించినవి! కాని ఒక ముక్కలోనివి ఇంకొక ముక్కలోకి పోలేవు. మధ్యలో ఎండ కాసే పొలాలు ఉన్నవి. మనకు అది పది నిమిషాల నడక. నీడ విడిచి బతకలేని జీవానికి అది సముద్రం.

మన ఊసరవెల్లి

మరుగుజ్జు ఊసరవెల్లిని తెచ్చిపెట్టమని అమ్మానాన్నలను అడగాలని మీకు అనిపించవచ్చు. మన ఎండలు వాటికి పడవు. పైగా ఇలాంటి విదేశపు జంతువుల్ని పెంచేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని 2022లో సవరించిన చట్టం చెబుతున్నది. మన ఊసరవెల్లిని పట్టి పెంచటమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే.

కాని పెట్టె లేకుండానే ఊసరవెల్లిని చూసే అదృష్టం మనకు ఉన్నది. మెట్టపొలాల గట్ల మీద, తుమ్మచెట్ల మీద, దడుల మీద అది తిరుగుతూ ఉంటుంది. విషపు జంతువని భయపడి కొందరు దాన్ని రాళ్ళతో కొట్టి చంపుతారు. దానికి విషం లేదు. పంటను తినే మిడతల్ని అది తింటుంది. బాట దాటుతూ కనిపిస్తే, బండ్లను ఒక్క క్షణం ఆపి దాన్ని దాటనివ్వమని పెద్దలకు చెప్పండి. అది నడిచేతీరే అంత: ఒక అడుగు వేసి, ఊగి, ఇంకొక అడుగు వేస్తుంది.

దడి మీద కనిపిస్తే పది అడుగుల దూరంలో కదలకుండా నిలబడండి. దాని ఒక కన్ను మిమ్మల్ని చూస్తూ ఉంటుంది, రెండోకన్ను మిడతకోసం వెతుకుతూ ఉంటుంది. నాలుక చాపేముందు ఆ రెండు కళ్ళూ ఏంచేస్తవో చూసి మీ నోటుపుస్తకంలో రాసుకోండి.